ఓస్టియా ఆంటికాలో ఒక రోజు: ముందు గోడలు చదవడం నేర్చుకోండి

రోమ్‌లో చదువుకుంటున్నవాళ్లూ, జర్మనీ నుంచో ఫ్రాన్స్ నుంచో సెలవులకు వచ్చేవాళ్లూ ముందుగా పరిగెత్తేది కొలోసియమ్‌కే. అది చూడాల్సిందే. కానీ మామూలు రోమన్లు ఎలాంటి ఇళ్లలో ఉన్నారు, రొట్టె ఎక్కడ చేయించుకున్నారు, ఓడల్లో వచ్చిన ధాన్యం ఎక్కడ దించారు అన్నది తెలియాలంటే మాత్రం ఒక రోజంతా ఓస్టియా ఆంటికాకి కేటాయించండి.

ఇది టైబర్ నది సముద్రంలో కలిసే చోట వెలసిన రేవు పట్నం. నది ఒండ్రు మేటలు వేస్తూ పోవడంతో సముద్రం ఇప్పుడు మూడు కిలోమీటర్ల అవతలికి జరిగింది. 1557 వరదలో నది కూడా దారి మార్చుకుంది. పాంపేయి క్రీ.శ. 79లో ఒక్కసారిగా బూడిద కింద పడిపోయింది. ఓస్టియా అలా కాదు, శతాబ్దాల పాటు కడుతూ, కూల్చుతూ, మళ్లీ కడుతూ వచ్చిన ఊరు. జనం మెల్లమెల్లగా ఖాళీ చేశారు. అందుకే ఇక్కడ ఒకే ఇంట్లో మూడు కాలాల గోడలు పక్కపక్కన కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడగలిగితే ఊరంతా అర్థమవుతుంది. లేకపోతే సాయంత్రానికి అన్నీ ఒకే ఎర్ర ఇటుకల గుట్టలా మిగులుతాయి.

సోమవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం 8:30కి తెరుస్తారు. మూసే వేళ పొద్దును బట్టి నెలనెలా మారుతుంది, మూయడానికి గంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. మార్చి నుంచి మే వరకు, అక్టోబరులో హాయిగా తిరగొచ్చు. జులై, ఆగస్టుల్లో నీడ దొరకదు, దోమలు మాత్రం బాగా దొరుకుతాయి. చలికాలంలో కొన్ని మొజాయిక్‌లను, అంటే చిన్న చిన్న రాతి ముక్కలతో నేల మీద పేర్చిన బొమ్మలను, చలికి పాడవకుండా కప్పి ఉంచుతారు.

టికెట్ దగ్గర మనవాళ్లు తరచూ పొరబడతారు. 18 నుంచి 25 ఏళ్లవారికి ఉండే 2 యూరోల తగ్గింపు టికెట్ యూరోపియన్ యూనియన్ పౌరులకే. మీ దగ్గర విద్యార్థి కార్డు, రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా పాస్‌పోర్టు భారతదేశానిదైతే పూర్తి ధర కట్టాలి. ఆర్కియాలజీ, ఆర్కిటెక్చర్, కళాచరిత్ర లాంటి కోర్సులు యూరోపియన్ యూనియన్ విశ్వవిద్యాలయాల్లో చదివేవారికి ఉచిత ప్రవేశం ఉంది. దానికి కార్డు ఒక్కటే చాలదు, ఆ విద్యాసంవత్సరపు నమోదు పత్రం కౌంటర్‌లో చూపించాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం అందరికీ ఉచితమే. ఆ రోజు కొలోసియమ్ దగ్గర తొక్కిసలాటగా ఉంటుంది. ఓస్టియా చాలా పెద్దది కాబట్టి జనం అందులో సర్దుకుపోతారు.

వెళ్లడం తేలిక. మెట్రో బి లైన్‌లో పిరమిదే స్టేషన్‌లో దిగి, దాన్ని ఆనుకునే ఉన్న పోర్తా సాన్ పావోలో స్టేషన్‌లో మెట్రోమారే రైలెక్కండి. ఈ రైలునే రోమా-లీదో అని కూడా అంటారు. నగర బస్సు, మెట్రోల మామూలు టికెట్టే దీనికీ చెల్లుతుంది. అరగంట ప్రయాణం. అచీలియా స్టేషన్ దాటగానే లేచి నిలబడండి, ఓస్టియా ఆంటికా దగ్గరకొచ్చినట్టే. ఓస్టియా అన్న పేరు పట్టుకుని లీదో చెంత్రో స్టేషన్ దాకా పోతే బీచ్‌లో తేలతారు. దిగాక రోడ్డు మీది కాలిబాట వంతెన దాటి తిన్నగా నడిస్తే పది నిమిషాల్లోపే గేటు వస్తుంది. టికెట్ కొనకుండా బ్యాంకు కార్డు లేదా ఫోన్ స్టేషన్ గేటుకు ఆనించి వెళ్లేవాళ్లు ప్రయాణమంతా ఒకదాన్నే వాడాలి. ఒకచోట కార్డు, ఇంకోచోట ఫోన్ ఆనిస్తే రెండు వేర్వేరు టికెట్లుగా డబ్బు పోతుంది. ఇటలీలో రవాణా సమ్మెలు తరచుగా శుక్రవారమే పడతాయి. సమ్మె రోజున కూడా రోమ్‌లో ఉదయం 8:30 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు బండ్లు నడపాలన్న నియమం ఉంది.

సంచిలో లీటరు సీసా, టోపీ, మందపాటి అడుగున్న బూట్లు, దోమల మందు, పవర్ బ్యాంక్ ఉంటే చాలు. నీళ్లు లోపల కుళాయిల దగ్గర పట్టుకోవచ్చు. చెప్పులతో రావద్దు. నల్లరాతి బాటలో బండి చక్రాలు కోసిన గాడులున్నాయి, వాన పడితే రాళ్లు జారతాయి. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకొస్తే ఎండకు పాడవదు. తినేది మాత్రం కెఫెటీరియా వైపు, మొజాయిక్‌ల పక్కన కాదు.

ఇక గోడల సంగతి. నాలుగు రకాలు గుర్తుపెట్టుకోండి. సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద టఫ్ రాళ్లైతే (టఫ్ అంటే అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి అయిన మెత్తటి రాయి), క్రీ.పూ. 4వ శతాబ్దపు తొలి కోటవి. వియా దెయి మోలీని వీధిలో ఈ గోడ చూడొచ్చు. చిన్న రాళ్లను ఏటవాలుగా వల అల్లినట్టు పేర్చి ఉంటే అది రెటికులాటుమ్, క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి క్రీ.శ. 2వ శతాబ్దం దాకా నడిచిన పద్ధతి. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో ఈ వలకి చుట్టూ ఇటుక వరసలు చట్రంలా కట్టారు. ముఖమంతా ఇటుకలే అయితే చాలావరకు 2వ శతాబ్దం, లేదా ఆ తర్వాతిది. ఒక వరస ఇటుక, ఒక వరస చిన్న టఫ్ దిమ్మెలుగా ఉంటే విట్టాటుమ్, అంటే 3వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన కట్టడం.

విరిగిన గోడ అంచు ఎక్కడ కనబడ్డా ఆగి, పక్క నుంచి చూడండి. ఇటుక గోడ అనుకున్నది నిజానికి ఇటుక గోడ కాదు. రెండు వైపులా ఒక పొర ఇటుకే ఉంటుంది, మధ్యలో అంతా రాతి ముక్కలు కలిపిన కాంక్రీటు. ఇటుక పలకలను మూలగా కోసి త్రిభుజాలు చేసి, మొన లోపలికి, వెడల్పు వైపు బయటికి పెట్టారు. మొన కాంక్రీటును పట్టుకుంటుంది, పొర ఊడి రాదు. ఇటుకల మధ్య సున్నం మందం కూడా చూడండి, కాలం గడిచేకొద్దీ అది పెరుగుతూ పోయింది. ఒక హెచ్చరిక: 1938-42 మధ్య ఇక్కడ చాలా వేగంగా తవ్వకాలు జరిగాయి, మరమ్మతులూ ఎక్కువే చేశారు. థియేటర్ మెట్లలో చాలావరకు ఆధునిక కట్టడమే. మరీ నున్నగా, చక్కగా కనిపించేదాన్ని ముందు అనుమానించండి.

బోర్డులు తక్కువ కాబట్టి మ్యాప్ ఫోన్‌లోకి ముందే దించుకోండి. పురావస్తు శాఖ ఊరిని ఐదు రెజియోలుగా, అంటే ప్రాంతాలుగా, విభజించింది. ప్రతి కట్టడానికీ రెజియో, బ్లాకు, గుమ్మం అని మూడు అంకెల చిరునామా ఉంటుంది.

పోర్తా రొమానా అనే పాత ఊరి ద్వారం నుంచి పెద్దవీధి పట్టుకోండి. నెప్ట్యూన్ స్నానశాల (2-4-2) మొజాయిక్ కింద నుంచి కనబడదు, పక్కనున్న మెట్లెక్కి పైనుంచి చూడాలి. థియేటర్ (2-7-2) వెనకనున్న చౌకానికి గంటైనా ఉంచుకోండి. చుట్టూ ఓడ వ్యాపారుల గదులు, ఒక్కో గుమ్మం ముందు నేల మీద నలుపు తెలుపు మొజాయిక్. ఏనుగు బొమ్మ ఉన్నది లిబియా తీరంలోని సబ్రతా వాళ్లది. కార్తేజ్, నార్బాన్, కాలియరీల గదులూ ఉన్నాయి. పేర్లు చదవాలంటే ఒక్క కిటుకు చాలు: ఇంగ్లిషు వి లాంటి అక్షరం చాలా చోట్ల యు.

తర్వాత పిండిమరల రొట్టెల బట్టీ (1-3-1). మన తిరగలిలాగే రెండు రాళ్లు, కాకపోతే మనిషంత ఎత్తు, తిప్పింది గాడిదలు. దగ్గర్లోనే డయానా ఇల్లు (1-3-3), అద్దె వాటాల మేడ. ఎదురుగా తినుబండారాల దుకాణం (1-2-5): పాలరాతి కౌంటర్, పైన గోడ మీద ఆహారపదార్థాల బొమ్మలు. ఇక్కడికి మధ్యాహ్నమవుతుంది. మ్యూజియం, కెఫెటీరియా పక్కపక్కనే. మ్యూజియం తెరిచి ఉందో లేదో గేటు దగ్గరే అడగండి. అక్కడి చక్రవర్తుల శిల్పాలను తీరిగ్గా చూడండి. ఇలాంటి చక్రవర్తుల ముఖాలున్న నాణేలు మన నాగార్జునకొండలోనూ, నల్లగొండ ప్రాంతపు అక్కన్‌పల్లిలోనూ దొరికాయి.

మధ్యాహ్నం ఫోరమ్ (ఊరి నడిమి కూడలి), పక్కన పాలరాతి మరుగుదొడ్లు, ఆపైన పడమటి వైపు క్యూపిడ్-సైకీ ఇల్లు (1-14-5). పొద్దున నేర్చుకున్న విట్టాటుమ్ గోడ ఇక్కడ మీరే గుర్తుపట్టగలరు. ఓపికుంటే పోర్తా మరీనా అనే సముద్రం వైపు ద్వారం దాటి యూదుల ప్రార్థనా మందిరం (4-17-1) దాకా వెళ్లండి. 1961లో విమానాశ్రయానికి రోడ్డు వేస్తుంటే బయటపడింది. చాలామంది అక్కడిదాకా రారు.

అక్కడి నుంచి గేటుకు కిలోమీటరున్నరకి పైనే నడక. మూసే వేళకి గంట ముందే వెనక్కి తిరగండి. వేసవి సాయంత్రాల్లో రైళ్లు బీచ్ జనంతో కిక్కిరిసి వస్తాయి, ఒకటి వదిలేసి తర్వాతి దాని కోసం ఆగినా నష్టం లేదు. పోర్తా సాన్ పావోలో అని రాసున్న ప్లాట్‌ఫారమ్ మీదే నిలబడండి.