ఏసీ గదిలో తాజా గాలి ఉండాలి, బిల్లు పెరగకూడదు: ఎలా చేయాలి?

మా బెడ్‌రూమ్ తలుపు పైన చిన్న వెంటిలేటర్ ఉంది. ఏసీ బిగించిన రోజే దానికి అట్టముక్క పెట్టి, చుట్టూ బ్రౌన్ టేపు అంటించేశాం. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కాం, తలుపు కింద దుప్పటి చుట్టి పెట్టాం. చల్లగాలి ఒక్క రవ్వ కూడా బయటికి పోకూడదని మా తాపత్రయం. విజయవాడలో పై అంతస్తులో ఉండేవాళ్లకు ఆ తాపత్రయం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

రెండు వేసవులు అలాగే గడిపాం. పొద్దున్న లేచేసరికి తల దిమ్ముగా ఉండేది. పిల్లలు ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలనట్టే లేచేవారు. ఏసీ మాకు పడట్లేదేమో అనుకున్నాం. ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు కొని మంచం పక్కన పెట్టాను. పడుకునేటప్పుడు 600 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 600 వంతులు) చూపించింది. తెల్లవారుజామున చూస్తే 2,600. బయటి గాలిలో అది 420 చుట్టుపక్కల ఉంటుంది. మేం రాత్రంతా వదిలిన ఊపిరినే మళ్లీ మళ్లీ పీలుస్తున్నాం!

స్ప్లిట్ ఏసీ బయటి నుంచి గాలి తేదు. గదిలో ఉన్న గాలినే లోపలికి లాక్కుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. గోడ అవతల ఉన్న అవుట్‌డోర్ యూనిట్‌తో కలిపే రాగి గొట్టాల్లో నడిచేది గ్యాసే గానీ గాలి కాదు. గదిని చల్లబరచడం ఒక పని, గాలి మార్చడం మరో పని, గాలిని వడకట్టడం ఇంకో పని. ఏసీ చేసేది మొదటిది మాత్రమే. మిగతా రెండూ మనం చూసుకోవాలి. సరైన వరసలో చేసుకుంటే కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

1. ముందు ఎండను బయటే ఆపండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండంతా తాగేది మన శ్లాబు. పగలు తాగిన వేడిని రాత్రంతా మన మీద కక్కుతుంది. పై అంతస్తులో ఏసీ ఎంతసేపు తిరిగినా గది చల్లబడకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

డాబాకు తెల్లరంగు వేయించండి. బజారులో దొరికే కూల్ రూఫ్ పెయింటు అయితే ఎక్కువ కాలం మన్నుతుంది. అంత పెట్టలేకపోతే సున్నంలో వైట్ సిమెంటు, జిగురు కలిపి రెండు పూతలు వేయించినా ఆ వేసవికి బాగానే పనిచేస్తుంది. వేసేముందు తీగ బ్రష్‌తో నాచు, దుమ్ము గీకించి, పగుళ్లు పూడ్పించి, డాబాను పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద వేస్తే పొరలు పొరలుగా లేచిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇల్లు కాబట్టి మనకెందుకు అనుకోకండి. చిన్న ఇంట్లో నెత్తిన శ్లాబు తప్ప ఇంకేమీ అడ్డం ఉండదు.

పడమటి కిటికీకి కర్టెన్ లోపల కాకుండా, బయట ఏదైనా నీడ కట్టండి. వెదురు తడిక కావచ్చు, గ్రీన్ నెట్ కావచ్చు. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండ వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది, కర్టెన్ దాన్ని పూర్తిగా వెనక్కి పంపలేదు. మన పెద్దవాళ్లు వట్టివేళ్ల తడికలను గుమ్మానికి బయటివైపే కట్టేవారు.

2. ఏసీ ఫిల్టరు కడగండి

దీనికి మెకానిక్ అక్కర్లేదు. పదిహేను రోజులకోసారి, పది నిమిషాల పని.

ముందు స్విచ్ కాదు, ఏసీకి కరెంటు పూర్తిగా ఆపే ఎంసీబీనే (బ్రేకర్) కట్టేయండి. ముందు మూత రెండు పక్కలా పట్టుకుని పైకి ఎత్తితే టక్కున ఆగుతుంది. లోపల సన్నని ప్లాస్టిక్ జాలీలు రెండు ఉంటాయి. కింది అంచును కొంచెం పైకి నొక్కి ముందుకు లాగితే బయటికొచ్చేస్తాయి. దుమ్ము పట్టి ఉంటే బూడిద రంగు దుప్పటిలా ఒకే పొరగా కనిపిస్తుంది. జాలీని తిరగేసి, దుమ్ము లేని వైపు నుంచి కుళాయి నీళ్లు పట్టండి. దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ముందువైపు నుంచి పడితే రంధ్రాల్లోకి ఇంకా దిగిపోతుంది. వేడినీళ్లు వద్దు, గట్టి బ్రష్ వద్దు. ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి, ఎండకు ప్లాస్టిక్ వంకరపోతుంది. పూర్తిగా ఆరాకే బిగించండి.

జాలీ తీసినప్పుడు వెనకున్న సన్నని రేకుల వైపు టార్చి వేసి చూడండి. నల్లగా జిడ్డుగా ఉంటే, లేదా ఏసీ వేయగానే తడి గుడ్డ వాసన వస్తే, సర్వీసు చేయించాలి. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ రేకుల మీద బూజు త్వరగా పడుతుంది. ఏసీ ఆపేముందు పది పదిహేను నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపితే లోపలి తడి ఆరిపోతుంది.

3. "గ్యాస్ అయిపోయింది" అంటే వెంటనే ఒప్పుకోకండి

ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. మాకు వరసగా రెండు వేసవులు ఒకే మెకానిక్ గ్యాస్ నింపి డబ్బు తీసుకున్నాడు గానీ, లీకు మాత్రం వెతకలేదు. మూడోసారి ఇంకొకరు వచ్చి అవుట్‌డోర్ యూనిట్ దగ్గర గొట్టం బిగింపుకి సబ్బు నురగ పూస్తే బుడగలు వచ్చాయి. నట్టు దగ్గర గొట్టం అంచు మళ్లీ సరిచేసి బిగించాడు, అంతటితో సమస్య తీరింది.

మెకానిక్‌ని పిలిచే ముందు మీరే ఒక పరీక్ష చేయొచ్చు. ఫిల్టరు కడిగి, ఏసీని 18 దగ్గర పెట్టి పావుగంట నడపండి. మామూలు థర్మామీటరుతో ఏసీ పైభాగంలో లోపలికి పోయే గాలినీ, కింద బయటికొచ్చే గాలినీ కొలవండి. రెంటికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే గ్యాస్ సంగతి ఆలోచించనక్కర్లేదు. తక్కువుంటే ముందు అవుట్‌డోర్ యూనిట్ చూడండి. అపార్ట్‌మెంట్ డక్టుల్లో, గ్రిల్స్ వెనక ఇరికించిన యూనిట్లు తాము వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంటాయి. వెనక ఒక అడుగు ఖాళీ, ఎదురుగా అడ్డం లేని చోటు ఉండాలి. పైన నీడ ఉంటే మంచిదే గానీ, చుట్టూ కప్పేయకూడదు.

గ్యాస్ నింపక తప్పకపోతే ముందు లీకు పరీక్ష, తర్వాత వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తడి లాగేయడం, ఆ తర్వాత తూకం వేసి నింపడం. ఈ మూడూ చేయమని గట్టిగా అడగండి. ఇప్పుడు చాలా ఏసీల్లో వాడే ఆర్-32 అనే గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉంది. అందాజాగా నింపే పని కాదు అది.

4. 26 డిగ్రీలు, పైన ఫ్యాను

2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 20లో పడుకునేవాళ్లు 26కి వస్తే దాదాపు మూడో వంతు మిగిలినట్టే. సీలింగ్ ఫ్యాను రెండో నంబరులో తిరుగుతుంటే 26 ఒంటికి 24లా ఉంటుంది. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. ఇన్వర్టర్ కాని మామూలు ఏసీ 18లో పెట్టినా 26లో పెట్టినా చల్లబరిచే వేగం ఒక్కటే, 18 అయితే ఆగకుండా తిరుగుతుంది, అంతే.

ఫ్యాను మార్చే ఉద్దేశం ఉంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను తీసుకోండి. పాతది 75 వాట్లు తీసుకుంటే ఇది 30 చుట్టుపక్కల తీసుకుంటుంది. ఆ మిగిలిన వాట్లు గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తాయి.

5. ఇప్పుడు గాలి మార్చండి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో 34 వేల లీటర్ల గాలి పడుతుంది. నిద్రలో ఒక మనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇద్దరు పడుకుంటే, గాలి కదలని గదిలో గంటకు 700 పీపీఎం చొప్పున పెరుగుతుంది. మూడు గంటలకే 2,500 దాటేస్తుంది. ఈ మోతాదు విషమేమీ కాదు. కానీ అది అంత పెరిగిందంటే చెమట వాసన, దగ్గు తుంపర్లు, కొత్త ఫర్నిచర్ నుంచి వచ్చే ఆవిర్లు అన్నీ గదిలోనే పేరుకుంటున్నాయని అర్థం. ఇంట్లో ఒకరికి జలుబు చేస్తే అందరికీ అంటుకోవడానికి ఇంతకన్నా అనువైన గది ఉండదు.

ఇద్దరికి గంటకు 30 ఘనపు మీటర్ల తాజా గాలి వస్తే మీటరు 1,200 దగ్గర ఆగుతుంది. "మరి కరెంటో?" అని మా ఆవిడ అడిగింది, నేనూ లెక్క వేశాను. వేసవి రాత్రి బయటి గాలి 30 డిగ్రీలు, బాగా తేమ ఉందనుకున్నా, దాన్ని చల్లబరచడానికి ఏసీకి అదనంగా పడేది 80 వాట్లు. అంటే ఒక పాత సీలింగ్ ఫ్యాను వాడేంత. రెండు ఫ్యాన్లు బీఎల్‌డీసీకి మారిస్తే ఆ ఖర్చు అక్కడికక్కడే చెల్లు. అట్టముక్క పెట్టి మేం కాపాడుకున్నది ఇంతే!

చేయాల్సింది ఇది. తలుపు పైన వెంటిలేటర్ ఉంటే అట్టముక్క తీసేసి దోమల జాలీ కొట్టండి. లేకపోతే కిటికీ ఒక రెక్కను వేలెడంత తెరిచి, ఆ సందుకు జాలీ పెట్టండి. కిటికీ అవతల రోడ్డో జనరేటరో ఉంటే దాని బదులు హాలు వైపు తలుపు రెండంగుళాలు తెరిచి, హాలు కిటికీ తీసి ఉంచండి. ఎంత తెరవాలన్నది ఇంటింటికీ మారుతుంది కాబట్టి మీటరు చూస్తూ రెండు మూడు రాత్రుల్లో తేల్చుకోండి. మీటరు కొనేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను పరారుణ కాంతితో నేరుగా కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉందో లేదో చూడండి. అది లేని చౌక మీటర్లు అగరుబత్తి వెలిగించినా కార్బన్ డయాక్సైడ్ పెరిగిందంటాయి.

అటాచ్డ్ బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే ఇంకా తేలిక. ఆరంగుళాల ఫ్యాను గంటకు 200 ఘనపు మీటర్లకు పైగా లాగుతుంది. పడుకునే ముందు బాత్‌రూమ్ తలుపు తీసి పది నిమిషాలు వేస్తే గదిలో గాలి చాలావరకు మారిపోతుంది. అయితే హాలు వైపు తలుపు తీసి ఉండాలి, గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాను ఊరికే తిరుగుతుంది. ఒక్క హెచ్చరిక: బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని ముందు బయటికి మార్పించండి. మూసిన బాత్‌రూమ్‌లో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. చలికాలంలో మూసిన గదిలో కుంపటి పెట్టుకున్నా అంతే ప్రమాదం.

వేసవిలో ఇల్లంతా తెరవాల్సిన వేళ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు వరకు. ఎదురెదురు కిటికీలు తెరిస్తే గోడల్లో మిగిలిన వేడి కూడా పోతుంది. ఎండ ముదిరాక మూసేయండి.

వంటగదిలో తాలింపు వేసేముందే ఎగ్జాస్ట్ వేయండి, వంటయ్యాక పది నిమిషాలు ఉంచండి. దాని పక్కనున్న కిటికీ మాత్రం మూయాలి. లేకపోతే ఆ కిటికీలోంచి వచ్చిన గాలే ఫ్యానులోంచి పోతుంది, పొయ్యి మీది పొగ అక్కడే ఉంటుంది. దూరంగా ఉన్న కిటికీ తెరవండి.

6. వడకట్టడం చివర

ఏసీ జాలీ పట్టేది జుట్టు, నూగు, పెద్ద దుమ్ము మాత్రమే. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి కణాలు) దానిలోంచి సాఫీగా దాటిపోతుంది. దానికి అతి సన్నని కణాలను కూడా పట్టే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ కావాలి. కొనేటప్పుడు సీఏడీఆర్ అంకె, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో, చూడండి. గది ఘనపు మీటర్లను ఐదుతో గుణించండి. మన 34 ఘనపు మీటర్ల గదికి కనీసం 170 ఉండాలి. ఓజోన్ వదిలే యంత్రాలు మాత్రం వద్దు, ఓజోన్ ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. ప్యూరిఫయర్ ఉంది కదా అని మళ్లీ సందులన్నీ మూయకండి, కార్బన్ డయాక్సైడ్ హెపాకు చిక్కదు.

ప్యూరిఫయర్ కంటే ముందు ఇంట్లో పుట్టే పొగ తగ్గించాలి. మూసిన ఏసీ గదిలో దోమల చుట్ట వెలిగించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, దోమతెర కట్టుకోండి. దేవుడి గదిలో అగరుబత్తి వెలిగించినప్పుడు కిటికీ తీయండి.

మన ఊళ్లలో గాలి ఎక్కువగా చెడేది డిసెంబరు, జనవరి నెలల్లో. చలికి పొగ పైకి పోక నేలబారుగా నిలిచిపోతుంది. అందుకని చలికాలంలో వేసవి వేళ పనికిరాదు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య కిటికీలు తెరవండి. భోగి మంటల ఉదయం, దీపావళి రాత్రి మూసి ఉంచి ప్యూరిఫయర్ పెద్ద స్పీడులో పెట్టండి. మీ ఊరి గాలి ఎలా ఉందో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో చూసుకోవచ్చు. 24 గంటల సగటుకు మన దేశంలో పీఎం 2.5 పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15.

హెపా ఫిల్టరును నీళ్లతో కడగకూడదు. పైనున్న జాలీని మాత్రం వారానికోసారి దులపండి. కొత్త ఫిల్టరు వేసిన రోజే దాని అంచు మీద మార్కరుతో తేదీ రాసిపెట్టండి, ఏడాది తర్వాత ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తుండదు.