గట్ల వెంట పరుగు, 4వ పాఠం: ముందు వంతెనలు, తరువాత కిలోమీటర్లు

ఈ పాఠంలో మడ అడవుల అంచున, సముద్రపు ఒడ్డు సరుగుడు తోటల్లో పరుగు దారులు ఎంచుకోవడం గురించి వివరంగా రాయాలని అనుకున్నాను. 3వ పాఠం చదివి గట్టెక్కిన వారి అనుభవాలు విన్నాక ఆ సంగతిని చివరికి నెట్టవలసి వచ్చింది. "కాలువ గట్టు మీద 3 కిలోమీటర్లు వెళ్లి, అవతలి గట్టు మీదుగా తిరిగి వస్తే 6 కిలోమీటర్ల చుట్టు పూర్తవుతుంది" అని ఆ పాఠంలో ఒక్క వాక్యం రాశాను. దాన్ని నమ్ముకుని బయలుదేరిన ఒకాయనకు 3వ కిలోమీటరు దగ్గర వంతెన కనబడలేదు. కాస్త ముందుంటుందిలే అనుకుంటూ మరో రెండున్నర కిలోమీటర్లు పరుగెత్తి, అక్కడ దాటి, మొత్తం 11 కిలోమీటర్లతో ఇల్లు చేరారు. ఇంకొకరు మే నెలలో ఎండిన కాలువలోకి దిగి, అవతల ఎక్కి, చుట్టు చక్కగా ముగించుకున్నారు. జూన్‌లో నీరు వదిలాక అదే చోటికి వెళ్లి, దాటే మార్గం లేక, బండి తెమ్మని ఇంటికి ఫోను చేశారు. మూడో పాఠకురాలు ఎక్కిన గట్టు అసలు పంట కాలువదే కాదు. ఆమె రొయ్యల చెరువుల మధ్య తేలి, కాపలా కుక్కలకు భయపడి గంటసేపు ఒక మకాంలో, అంటే చెరువుల కాపలా పాకలో, కూర్చున్నారు.

తప్పు చాలావరకు నాదే. వంతెన ఎక్కడుందో చూసుకుని బయలుదేరాలన్నది చెప్పనక్కరలేని విషయమని అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఒకే కాలువ పక్కన ఉంటున్నవాడికి అలాగే అనిపిస్తుంది.

గోదావరి డెల్టాలో చుట్టు ఎంత పొడవుండాలో వంతెనలే చెబుతాయి. మీరు కాగితం మీద 6 అని రాసుకుని దారి వెతకడం తలకిందుల పని. వంతెనల మధ్య దూరాలు ముందు రాసుకుంటే చుట్లు వాటంతట అవే బయటపడతాయి. ఉదాహరణకు మీ ఊరి వంతెనను 0 అనుకోండి. తరువాతి వంతెనలు 1.2, 3.1, 5.4 కిలోమీటర్ల దగ్గర ఉన్నాయనుకోండి. ఊరి వంతెన నుంచి బయలుదేరితే 2.4, 6.2, 10.8 కిలోమీటర్ల చుట్లు మూడు దొరుకుతాయి. 1.2 దగ్గరికి సైకిలు మీద వెళ్లి అక్కడ మొదలుపెడితే 3.8, 8.4 కిలోమీటర్ల చుట్లు రెండు, 3.1 దగ్గర మొదలుపెడితే 4.6 కిలోమీటర్లది ఒకటి దొరుకుతాయి. నాలుగు వంతెనలకు ఆరు చుట్లన్నమాట. 7 కిలోమీటర్లు కావాలంటే ఈ కాలువ మీద చుట్టు లేదు; ఉన్నదానితో సరిపెట్టుకోవాలి, లేదా వెళ్లిన గట్టు మీదే వెనక్కి రావాలి. నా మటుకు నాకు 6.2 చాలు. నీరు ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండేలా పరుగెత్తడం నా అలవాటు. దానికి కారణమేమీ లేదు.

ఇప్పుడు నన్ను బాగా విసిగించే పొరపాటు దగ్గరికి వస్తాను. గట్టూ, దాని పక్కన నీరూ కనబడితే చాలు, చాలామంది దాన్ని కాలువ అనేస్తారు. కాని పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టా సాగునీటి పద్ధతి ఒకటే: పంట కాలువను మెరక వెంట నడిపిస్తారు, అప్పుడే నీరు దానంతట అది రెండు వైపులా పొలాల్లోకి దిగుతుంది, పొలాలు విడిచిన నీరు పల్లానికి జారి మురుగు కాలువలో పడి సముద్రం దారి పడుతుంది. ఊళ్లు కూడా మెరకనే వెలిశాయి గనుక పంట కాలువ ఊరి పక్క నుంచే పోతుంది, ఊరూరికీ ఒక వంతెన, కొన్ని చోట్ల లాకులు ఉంటాయి. మురుగు కాలువ ఊళ్లకు దూరంగా, ఊరి పొలిమేరల మీదుగా పోతుంది. దాని మీద వంతెన కట్టించుకోవలసిన అవసరం ఎవరికీ అంతగా ఉండదు. రైతు తాటి దుంగ ఒకటి పడేసుకుంటాడు, అది వానాకాలంలో కొట్టుకుపోతుంది. పురాణం చెప్పిన గోదావరి ఏడు పాయల్లో తుల్యభాగ, కౌశిక కూడా ఉన్నాయి. ఈ రోజు ఆ పేర్లు ఎక్కువగా మురుగు కాలువల పేర్లుగానే వినబడతాయి. పేరు చూసి ఏటి ఒడ్డున పరుగెత్తబోతున్నామని మురిసిపోకండి.

రెండింటినీ గుర్తుపట్టడానికి గట్టు మీద నిలబడి ఒక్కసారి రెండు వైపులా చూస్తే చాలు. కాలువలోని నీరు పక్క చేను కంటే ఎత్తున ఉంటే అది పంట కాలువ. నీరు చేను కంటే పల్లాన ఉంటే అది మురుగు కాలువ. ఎండాకాలంలో నీరు లేకపోతే తూము చూడండి. పంట కాలువ తూము గట్టు కింద నుంచి చేనివైపు బోదెలోకి, అంటే చేలకు నీరు తీసుకెళ్లే చిన్న కాలువలోకి, తెరుచుకుంటుంది, దానికి తలుపో, తలుపు పట్టే గాడో ఉంటుంది, బోదె మొదట్లో నీరు పడి గుంట పడి ఉంటుంది. మురుగు కాలువలో గుంట కాలువ వైపే పడుతుంది, ఎందుకంటే అక్కడ నీరు చేలోంచి బయటికి వస్తుంది. గుంట ఎటు పడిందో చూడటం మా నాన్నగారు నేర్పిన కిటుకు; ఏ పటం కంటే కూడా నేను దాన్నే నమ్ముతాను. మురుగు కాలువ గట్టని తేలితే వెనక్కి తిరగండి. ఇంకొంచెం ముందుకు వెళ్లి చూద్దామని అనుకోకండి. "ఇంకొంచెం" అనుకునే ఆ మూడో పాఠకురాలు రొయ్యల చెరువుల దాకా వెళ్లారు.

ఫోనులో ఉపగ్రహ చిత్రం చూసి వంతెనలు లెక్కపెట్టామని కొందరు అన్నారు. కొబ్బరి తోటల నీడలో ఉన్న వంతెన ఆ చిత్రంలో కనబడదు. కాలువ మీదుగా వేసిన మంచినీటి గొట్టం మాత్రం కాలిబాటలా నిక్షేపంగా కనబడుతుంది. రేవు దగ్గర పంటు, అంటే మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పడవ, తిరిగే దారిని గీతగా చూపించే పటాలూ ఉన్నాయి. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య గోదావరి మీద గీత కనబడిందని పరుగున దాటలేరు గదా. కాలువ మీద ఎక్కడెక్కడ దాటవచ్చో కాలువ నీటిని చూసుకునే లస్కరును అడిగితే నిమిషంలో చెబుతాడు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు ఎప్పుడు కట్టేస్తారో, మళ్లీ నీరు ఎప్పుడు వదులుతారో కూడా అతనికే తెలుసు. కట్టేసిన రోజుల్లో కాలువ అడుగున దాటిన చోటును మీ కాగితంలో వంతెనగా రాసుకోవద్దు.

ఏటిగట్టు, అంటే గోదావరి వరద కట్ట, సంగతి తేలిక. దానికి అవతలి గట్టు మీకు అందదు గనుక వెళ్లిన దారినే రావాలి. తిరిగివచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటుందేమో ముందే చూసుకుని, సగం కంటే తక్కువ బలం ఖర్చుపెట్టి వెనక్కి తిరగండి. వాన పడ్డ మర్నాడు నల్లమట్టి గట్టు ఎక్కకండి. పది అడుగులు వేసేసరికి చెప్పుల కింద చెప్పంత మట్టి అంటుకుంటుంది. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలిస్తే ఏటిగట్టు పరుగు మానేయండి. అప్పటికే కనకాయలంక కాజ్‌వే వంటి లంక ఊళ్ల పల్లపు దారులు మునిగి ఉంటాయి, నీరు ఇంకా పెరిగితే లంకల వాళ్లు గేదెలతో సహా గట్టు మీదికి వస్తారు. వాళ్ల మధ్య నుంచి పరుగెత్తడం మర్యాద కాదు.

ఇక అడవి గురించి రెండు మాటలు. కోరింగ మడ అడవిలో పరుగెత్తవద్దు. 1978 నుంచి అది అభయారణ్యం; అక్కడి చెక్క దారి నడకకు వేసింది; తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఏమవుతుందో అక్కడి బెస్తవారిని అడగండి. సముద్రపు ఒడ్డున సరుగుడు తోటల వెనుక ఉన్న పర్ర భూముల్లో మాత్రం ఎండాకాలం తెల్లవారుజామున మంచి దారులు దొరుకుతాయి. నేల గట్టిగా, కాస్త ఉప్పు పొరతో పటపటలాడుతూ ఉంటుంది. మొగలి పొదలకు దూరంగా, పశువులు తొక్కిన బాట వెంట వెళ్లండి. ఒడ్డు మీద పరుగెత్తాలంటే ఆటు సమయం చూసుకోండి; పోటు మీద తడి ఇసుక మిగలదు, పొడి ఇసుకలో పిక్కలు పట్టేస్తాయి.

అభ్యాసం. ఈ వారం పరుగు లేదు. మీ ఇంటికి దగ్గరలోని పంట కాలువ ఒకటి ఎంచుకుని, ఎగువకు 6 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్న వంతెన దాకా ఒక గట్టు మీద నడవండి, అక్కడ దాటి అవతలి గట్టు మీద తిరిగి రండి. మొత్తం సుమారు 12 కిలోమీటర్లు. ఉదయం 5 గంటలకు బయలుదేరితే ఎండ ముదరక ముందే ముగుస్తుంది. దాటే చోటు ప్రతిదానికీ ఊరి వంతెన నుంచి దూరం రాయండి. దాని పక్కన బండి దాటుతుందా, మనిషి మాత్రమే దాటగలడా, ఎండాకాలంలోనే దాటవచ్చా అన్నది రాయండి. దుంగ అయితే దాన్ని కాలితో నొక్కి చూసి, కదిలితే మీ కాగితంలోంచి కొట్టేయండి. గట్టు మీద ధాన్యం ఆరబోసే చోట్లు కూడా గుర్తించండి. సార్వా (తొలి పంట) కోతల నాటికి ఆ భాగం మీకు మూసినట్లే. ఆ తరువాత ఆ దూరాలతో ఎన్ని చుట్లు వస్తాయో పైన నేను చేసినట్లు లెక్క కట్టండి. కాగితం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి, 5వ పాఠం ఆ కాగితం చేతిలో ఉన్నవారికే అర్థమవుతుంది.