చిన్న స్టూడియోకు మిక్సర్ - 4వ పాఠం: పెట్టె మీది అంకె వేరు, కంప్యూటర్‌కు చేరే ట్రాకులు వేరు

మూడో పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. అన్నమయ్య కీర్తన రికార్డింగు: గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం, ఎలక్ట్రానిక్ తంబూరా. దీనికి ఎలాంటి మిక్సర్ కావాలి? ఎక్కువమంది "12 ఛానళ్లది చాలు, ఇంకా మిగులుతాయి" అని రాశారు. కొందరు వెంటనే కొనేశారు కూడా. ఇప్పుడు వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: కంప్యూటర్లో రెండే ట్రాకులు (విడివిడిగా రికార్డయ్యే శబ్ద వరుసలు) కనిపిస్తున్నాయి, మృదంగం తగ్గిద్దామంటే గాత్రం కూడా తగ్గిపోతోంది, ఏం చేయాలి?

అందుకే ఈక్వలైజర్ (లోతు, కీచు శబ్దాల పాళ్లు సర్దేది) పాఠాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. ముందు ఇది తేలాలి.

మిక్సర్ విషయంలో మూడు లెక్కలు వేర్వేరుగా వేసుకోవాలి. మైకులు ఎన్ని తగిలించవచ్చు? లోపలికి మొత్తం ఎన్ని సిగ్నళ్లు వస్తాయి? యూఎస్‌బీ తీగలో విడివిడిగా ఎన్ని వెళ్తాయి? పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది రెండోది. స్టూడియోకు అవసరమైనవి మొదటిదీ మూడోదీ.

యమహా ఎంజీ12ఎక్స్‌యూ చూడండి. పేరులో 12 ఉంది. అందులో నాలుగు మోనో (ఒక్కో సిగ్నల్) ఛానళ్లు, నాలుగు స్టీరియో (ఎడమ-కుడి) జతలు. మైకులు పెట్టగలిగేది ఆరు. యూఎస్‌బీలో వెళ్లేది రెండు, అంటే ఎడమ, కుడి. సరే, పెద్దది కొందామని ఎంజీ16ఎక్స్‌యూకు వెళ్లినా మైకులు పదికి పెరుగుతాయి తప్ప యూఎస్‌బీ మాత్రం రెండే. ఇది ఆ మిక్సర్ లోపం కాదు. కళ్యాణ మండపానికీ భజన మందిరానికీ అది చక్కని సరుకు. అక్కడ అన్నీ కలిసి స్పీకర్లోకి పోతే చాలు. ఇలాంటి మిక్సర్లో ఫేడర్లన్నీ (శబ్దం హెచ్చించడానికీ తగ్గించడానికీ జరిపే మీటలు) దాటి మెయిన్ మిక్స్‌గా కలిసిపోయిన తర్వాతే సిగ్నల్ డిజిటల్‌గా మారి కంప్యూటర్‌కు వెళ్తుంది. పులిహోర కలిపాక పులుపును విడిగా వెనక్కి తీయలేం కదా, ఇదీ అంతే. ఏ సాఫ్ట్‌వేరూ ఆ గాత్రాన్ని మచ్చలేకుండా విడదీసి ఇవ్వదు.

మీకు కావలసింది కలవకముందే ప్రతి ఛానల్‌నూ విడిగా పంపేది. దాన్ని మల్టీట్రాక్ అంటారు. స్పెసిఫికేషన్లో యూఎస్‌బీ ఎదురుగా "2 ఇన్, 2 అవుట్" (కంప్యూటర్లోకి రెండు, అక్కడి నుంచి వెనక్కి రెండు) అని ఉంటే పక్కన పెట్టేయండి. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12, సిగ్నేచర్ 12 ఎంటీకే చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిది 2 ఇన్ 2 అవుట్, రెండోది 14 ఇన్ 12 అవుట్. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్నా తిరుపతిలో కొన్నా బిల్లులో "ఎంటీకే" అనే అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. అలెన్ అండ్ హీత్ జెడీ10 (ZEDi-10) మధ్యరకం, 4 ఇన్ 4 అవుట్. వాద్యాలు తక్కువున్న చిన్న హరికథకు సరిపోవచ్చు, కచేరీకి చాలదు. బెరింజర్ ఎక్స్ఆర్18లో 16 మైక్ ప్రీఆంప్‌లు (మైకు సిగ్నల్‌ను పెంచేవి), యూఎస్‌బీ 18 ఇన్ 18 అవుట్. అయితే దాని మీద ఫేడర్లు ఉండవు, టాబ్లెట్‌తోనో కంప్యూటర్‌తోనో నడపాలి. జూమ్ ఎల్12లో ఎనిమిది మైకులు, 12 ట్రాకులు, దేనికది వేరే మిక్స్ ఇచ్చే ఐదు హెడ్‌ఫోన్ అవుట్‌లు. కంప్యూటర్ లేకుండా ఎస్‌డీ కార్డులోకే ఎక్కుతుంది. పల్లెలకు వెళ్లి భజన బృందాలను రికార్డు చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు మన కీర్తన లెక్క. గాత్రం 1, వయొలిన్ 1, ఘటం 1, మృదంగం 2. మృదంగానికి ఒక్క మైకు చాలదు. కుడి మూతకు ఒకటి, తొప్పికి (ఎడమ మూతకు) ఒకటి పెట్టాలి, లేకపోతే తొప్పి మీది గుమికి, అంటే ఆ గుమ్మనే నాదం, సరిగా వినిపించదు. మొత్తం ఐదు మైకులు, తంబూరాకు ఒక లైను (మైకు లేకుండా నేరుగా తీగతో), అంటే ఆరు ట్రాకులు. ఎనిమిది మైకుల మల్టీట్రాక్ హాయిగా సరిపోతుంది. అందరూ ఒకే గదిలో కూర్చుంటే మృదంగం గాత్రం మైకులోకీ కొంత వస్తుంది. అది దూరంతో, మైకు దిశతో తగ్గించుకోవాల్సిన పని, మిక్సర్ తీర్చేది కాదు.

రెండు ట్రాకులది ఇప్పటికే కొన్నవాళ్లకు ఒక దారి ఉంది. గాత్రం పాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో పంపే నాబ్) పూర్తిగా ఎడమకు, మిగతా వాద్యాలన్నీ పూర్తిగా కుడికి తిప్పండి. సాఫ్ట్‌వేర్లో ఆ స్టీరియో ట్రాకును రెండు మోనోలుగా విడగొట్టండి. గాత్రం ఒకటి, వాద్యాలు ఒకటి, విడిగా దొరుకుతాయి. మిక్సర్లోని రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) ఆపేయాలి, అది రెండు వైపులకూ పాకుతుంది. వాద్యాల మధ్య హెచ్చుతగ్గులు మాత్రం రికార్డుకు ముందే కుదుర్చుకోవాలి. పాడేవాళ్లకు మెయిన్ హెడ్‌ఫోన్ ఇస్తే ఒక చెవిలో గొంతు, ఒక చెవిలో వాద్యాలు వినిపించి శ్రుతి తప్పుతారు. వాళ్లకు ఆక్స్ (మెయిన్ కాకుండా విడి మిక్స్ బయటికి ఇచ్చే దారి) నుంచి ఇవ్వండి. ఆ ఆక్స్ ప్రీ-ఫేడర్, అంటే ఫేడర్ కంటే ముందే సిగ్నల్ తీసుకునేది, అయి ఉండాలి. లేకపోతే మీరు ఫేడర్ కదిపినప్పుడల్లా వాళ్ల చెవుల్లోనూ మారిపోతుంది. కొనేటప్పుడు ప్రీ-ఫేడర్ ఆక్స్‌లు కనీసం రెండు చూసుకోండి.

తంబూరా గురించి కూడా చాలామంది రాశారు: "తీగ సరిగానే ఉంది, శబ్దం రావట్లేదు". తంబూరా పెట్టె హెడ్‌ఫోన్ జాక్ నుంచి స్టీరియో తీగ తెచ్చి మోనో ఛానల్ లైన్ ఇన్‌పుట్లో గుచ్చితే జరిగేది అదే. ఆ ఇన్‌పుట్ బాలెన్స్‌డ్. అంటే పిన్ను కొస మీది సిగ్నల్‌కూ రింగు (కొస వెనకున్న పట్టీ) మీది సిగ్నల్‌కూ ఉన్న తేడానే అది తీసుకుంటుంది. తంబూరా రెండింటిలోనూ ఒకటే పంపుతుంది కాబట్టి తేడా సున్నా. ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టినా ఇంతే. 3.5 ఎంఎం స్టీరియో పిన్ను ఒక వైపు, రెండు పావు అంగుళం మోనో పిన్నులు మరో వైపు ఉన్న కేబుల్ కొనండి. వాటిలో ఒకదాన్నే లైన్ ఇన్‌పుట్లో పెట్టి రెండోదాన్ని ఖాళీగా వదిలేయండి.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. ఫాంటమ్ పవర్ (మిక్సర్ నుంచి మైకుకు వెళ్లే కరెంటు) వేసి, మైకు తగిలించకుండా ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు సాకెట్) 1, 2 పిన్నుల మధ్య డీసీ వోల్టేజీ కొలవండి, తర్వాత 1, 3 మధ్య. 44 నుంచి 52 వోల్టుల మధ్య ఉండాలి. ప్రతి మైకు ఛానల్‌లోనూ చూడాలి. ఫేడర్ కదిపితే గరగర వస్తే దుమ్ము, శుభ్రం చేస్తే పోవచ్చు. గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్) తిప్పుతున్నప్పుడు శబ్దం మధ్యలో తెగిపోతే ఆ మిక్సర్ వద్దు.

అభ్యాసం. ఈసారి బరువైనదే, పది రోజులు తీసుకోండి. పైన చెప్పిన మిక్సర్లలో మూడింటి మాన్యువళ్లు కంపెనీల సైట్ల నుంచి దించుకోండి. ప్రతిదానిలో బ్లాక్ డయాగ్రమ్ (సిగ్నల్ దారిని చూపే పటం) వెతికి, ఒక మైకు సిగ్నల్ దారిని పెన్సిల్‌తో గీయండి. యూఎస్‌బీకి ఎక్కడ చీలుతోంది? గెయిన్ తర్వాతా, ఈక్వలైజర్ తర్వాతా, ఫేడర్ తర్వాతా? ఆ తర్వాత చిత్తూరు వైపు భారతం హరికథకు ఇన్‌పుట్ పట్టిక రాయండి: హరిదాసు గొంతు, చిడతలు, హార్మోనియం, వయొలిన్, మృదంగం. చిడతలు హరిదాసు చేతిలోనే ఉంటాయి. వాటికి విడి మైకు కావాలా వద్దా, ఎందుకు, రెండు వాక్యాల్లో రాసి పంపండి.