పొద్దుటి కీళ్ల బిగుతు తగ్గడానికి నేను చేసింది (పర్లాకిమిడి)

పొద్దున్న లేస్తే అరగంటపాటు వేళ్లు ముడుచుకునేవి కావు, మోకాళ్లు పట్టేసేవి. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ లీటరుకు 6.8 మిల్లీగ్రాములు వచ్చింది. కీళ్లవాతం కాదని డాక్టరు తేల్చారు. నొప్పి మాత్రలు, తైలం, ఉప్పు కాపడం ఏవీ రెండు రోజులకు మించి పనిచేయలేదు.

అశ్వగంధ, పసుపు గుళికలు కొనబోతే డాక్టరే ఆపారు. నేను థైరాయిడ్ మాత్ర వాడతాను, అశ్వగంధ ఆ హార్మోన్లను పెంచగలదట. మూడు నెలలు అలవాట్లు మార్చి చూడమన్నారు.

ముందు నిద్ర. కొట్టు కట్టేసి రాత్రి 11కి తిని, ఒంటిగంటకు పడుకునేవాణ్ణి. భోజనం 8కి, పడక 10:30కి తెచ్చాను. అన్నిటికంటే కష్టం ఇదే. మొదటి పదిరోజులూ నిద్రపట్టక దొర్లాను, అయినా పొద్దున్న 5:30కే లేచాను. పగలు కునుకు తీయలేదు. రెండోవారంలో నిద్ర దారికొచ్చింది.

అది కుదిరాకే నడక మొదలుపెట్టాను. భోజనమయ్యాక మహేంద్రతనయ నది వైపు 20 నిమిషాలు. ఆ తర్వాత తిండి: అయిదు చక్కెర టీలు రెండయ్యాయి, సాయంత్రం బరా (గారెలాంటిది), పకోడీ మానేశాను, పొద్దున్న చోడి (రాగి) అంబలి.

ఆరు వారాలకు బిగుతు పది నిమిషాలకు దిగింది. మూడు నెలలకు సీఆర్‌పీ 2.4. నాలుగు కిలోలు కూడా తగ్గాను, కాబట్టి ఏది పనిచేసిందో గట్టిగా చెప్పలేను. నాకైతే నిద్రే అనిపిస్తోంది. కీళ్లవాతం ఉన్నవాళ్లు దీన్ని నమ్మి మందులు ఆపొద్దు, వాళ్ల సంగతి వేరు. గుళికలు నేనింకా కొనలేదు.