జైసల్మేర్ దారిలో పిల్లలు నీళ్లు తాగకపోతే: నా అనుభవం

నల్లగొండ నుంచి కారులో థార్ ఎడారికి పోయేవాళ్లు చాలామంది, దారిలో పిల్లలు నీళ్లు తాగకపోతే ఏం చేయాలని అడుగుతున్నారు. జోధ్‌పూర్ దాటాక మా పిల్లలు నీళ్లు ముట్టలేదు. తలనొప్పి, నీరసం, మూత్రం ముదురు పసుపు.

జ్యూస్, గ్లూకోజ్ పొడి, బతిమాలడం, ఏవీ పనిచేయలేదు.

పోఖ్రాన్‌లో కారు నీడకు ఆపాం. ముందు లీటరు నీళ్లు కొలిచి, పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం అందులో కలిపాను. సగం ప్యాకెట్ అందాజుగా వేయొద్దు, కొలతే ముఖ్యం. తర్వాత రెండు మూడు నిమిషాలకోసారి చెంచాతో పట్టాను. గ్లాసుతో ఇస్తే కక్కేస్తున్నారు, చెంచాతో నిలిచింది. మూత్రం రంగు తేలికయ్యాకే కదిలాం. మన ఎండలో చెమటకు చొక్కా తడుస్తుంది కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నట్టు తెలుస్తుంది. అక్కడి పొడిగాలికి చెమట పట్టిందే తెలియదు.

మాది చలికాలం ప్రయాణం, వేసవిలో ఇంతే చాలుతుందని చెప్పలేను. వాంతులు ఆగకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి పోండి.