పొదుగువాపుకు యాంటీబయాటిక్: ట్యూబు ఎక్కించే ముందు, ఎక్కించాక

పాలలో విరుగుళ్లు కనపడగానే మందుల షాపుకెళ్లి ట్యూబు తెచ్చి చనుకట్టులోకి ఎక్కించేస్తున్నారు చాలామంది. దానికంటే ముందు చేయాల్సినవి రెండున్నాయి.

ఒకటి, పశువును చూడటం. గేదె మేత తింటూ, నెమరేస్తూ ఉండి, పాలలో విరుగుళ్లు మాత్రమే వస్తుంటే ఒక రోజు ఆగినా కొంప మునగదు. డాక్టరు సరేనంటే ఆ చనుకట్టును రోజుకు నాలుగైదుసార్లు పూర్తిగా పిండేస్తూ పాల పరీక్ష ఫలితం కోసం చూడొచ్చు. జ్వరం వచ్చినా, మేత మానేసినా, పాలు నీళ్లలా గానీ రక్తంతో గానీ వస్తున్నా ఆగకూడదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

రెండోది పాల శాంపిల్. మందు పడకముందే తీయాలి. పడ్డాక తీస్తే ల్యాబులో క్రిమి పెరగకపోవచ్చు, ఏ మందు పనిచేస్తుందో తేలదు. పొదుగు కడిగి పొడిగుడ్డతో ఒత్తండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. చనుకట్టు కొనను స్పిరిట్ దూదితో, దూదికి మురికి అంటనంతవరకు తుడవండి. తుడిచేటప్పుడు అవతలి వైపువి ముందు, మీ వైపువి తర్వాత. పాలు పట్టేటప్పుడు మీ వైపువి ముందు. ఈ వరస తప్పితే తుడిచిన చనుకట్టుకే మీ చెయ్యి రాసుకుంటుంది. మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, స్టెరైల్ సీసాను వాల్చి పట్టుకుని 5 నుంచి 10 మి.లీ. పట్టండి. ఐస్‌లో పెట్టి ఆ రోజే ల్యాబుకు చేర్చండి. పేడ నలుసు పడితే ఆ సీసా పారేసి మళ్లీ తీయడమే.

షాపులో “గట్టి మందు ఇవ్వండి” అని అడగొద్దు. సెఫ్ట్రియాక్సోన్ లాంటివి మనుషులకు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లలో వాడేవి. షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల జాబితాలో ఉన్నాయి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. పెన్సిలిన్ సరిపోయే చోట వాటిని వాడితే ఆ నష్టం మీ పాకతో ఆగదు. మందుకు లొంగకుండా మొండికేసిన క్రిమి పేడలోంచి, పాలలోంచి, పిండేవాళ్ల చేతుల్లోంచి ఊళ్లోకి వెళ్తుంది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌నైతే పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకుండా 2019లోనే నిషేధించారు.

ట్యూబు ఎక్కించేటప్పుడు పాలు పూర్తిగా పిండి, కొనను మళ్లీ స్పిరిట్‌తో తుడవాలి. ముక్కును 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే లోపలికి పెట్టాలి. మొత్తం గుచ్చితే రంధ్రం సాగి, కొనలోని క్రిములు లోపలికి పోతాయి. ఒక ట్యూబు ఒక చనుకట్టుకే. విరుగుళ్లు పోయాయని మధ్యలో ఆపడం, తగ్గలేదని డోసు పెంచడం డాక్టరు చెప్తేనే.

మీ నిజాయితీకి అసలు పరీక్ష ఇక్కడి నుంచే, ఎందుకంటే ఎవరూ చూడరు. మందు పడిన పశువు పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో లేబుల్ మీద ఉంటుంది. 2012లో సవరించిన నిబంధన ప్రకారం, ఆ గడువు నిర్ధారించని మందైతే పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. లెక్క చివరి డోసు నుంచి మొదలవుతుంది, మొదటి డోసు నుంచి కాదు. 7 రోజుల గడువున్న మందు చివరి డోసు సోమవారం సాయంత్రమైతే, వచ్చే సోమవారం సాయంత్రం పాలు కూడా పారబోసి, మంగళవారం ఉదయం నుంచి పాలకేంద్రంలో పోయాలి. రెండు మందులు వాడితే ఎక్కువ గడువున్నదే లెక్క. డోసు పెంచితే లేబుల్ మీది గడువు చెల్లదు, డాక్టర్నే అడగాలి. ఒక్క చనుకట్టుకే మందు వేశాం కదా అని మిగతా మూడింటి పాలు అమ్మకండి. మందు రక్తంలో కలిసి వాటికీ చేరుతుంది.

రోజుకు 8 లీటర్లిచ్చే గేదెకు 3 రోజుల వైద్యం, 7 రోజుల గడువు కలిపితే 80 లీటర్లు పోతాయి. చిన్న రైతుకు పెద్ద దెబ్బే. అయినా అది వైద్యం ఖర్చు, కొనేవాళ్ల మీదికి నెట్టేది కాదు. కాచినంత మాత్రాన మందు పోదు. తోడు వేస్తే పేరుకోకపోతే అనుమానించాలి గానీ, పేరుకుంది కాబట్టి మందు లేదనుకోకూడదు.

ఆ పశువు కాలికి ఎర్రగుడ్డ కట్టి, చివరి డోసు తేదీ, పూట గోడమీద రాయండి. పిండేవాళ్లు మారినా తెలుస్తుంది. దాన్ని అన్నిటికన్నా చివర, వేరే బకెట్లో పిండండి. ఆ పాలు దూడకు పట్టకండి, దాని పేగుల్లో మొండి క్రిములు పెరుగుతాయి. బావికి, కాలువకు దూరంగా గొయ్యి తీసి పోసి మట్టి కప్పండి. పొరపాటున క్యానులో కలిసిపోతే పాలకేంద్రంలో పోయకముందే చెప్పండి. అప్పుడు పోయేది ఆ ఒక్క క్యానే.