తొలి మంచులో స్కీయింగ్: దిగే ముందు అడుగు పొర చూడండి

శీతకాలం మొదట్లో కొండ తెల్లబడగానే స్కీలు బయటికి తీయాలనిపించడం సహజమే. అయితే రిసార్టు హద్దులు దాటి వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఆ రోజుల్లో స్కీయింగ్‌కు సరిపడా మంచు దొరికే చోటే మంచు చరియలు విరిగిపడే ప్రమాదం కూడా ఎక్కువగా పొంచి ఉంటుంది. తొలి విడత కురిసిన మంచు ఎండ తగిలే వాలుల మీద కరిగిపోయి, ఎత్తయిన నీడ వాలుల్లోనూ, అంటే ఉత్తరార్ధగోళంలో ఉత్తరానికి తిరిగిన వాలుల్లోనూ, గాలి పోగుచేసిన గాడుల్లోనూ మాత్రమే మిగులుతుంది.

అలా మిగిలిన పాత మంచే లోలోపల బలహీనపడుతుంది. మంచు కప్పిన నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, పైనున్న గాలి రాత్రుళ్లు అంతకంటే ఎంతో చల్లబడుతుంది. పొర పలుచనైనకొద్దీ ఆ తేడా తక్కువ మందంలోనే ఇమడాల్సి వస్తుంది. ప్రతి 10 సెంటీమీటర్లకు అది సుమారు 1 డిగ్రీ సెల్సియస్‌ను మించితే, నీటి ఆవిరి కింది నుంచి పైకి కదులుతూ మంచు రేణువులను ఒకదానికొకటి అంటుకోని కోణాల పలుకులుగా మార్చేస్తుంది. నేల దాకా తవ్వి, అడుగు మంచును గుప్పెట్లోకి తీసుకుని నొక్కండి. ముద్ద కట్టకుండా పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతే, దాని మీద తర్వాతి తుపాను పరిచే గట్టి పొరను నమ్మడానికి లేదు.

బయలుదేరే ముందు ఆ ప్రాంతపు మంచు చరియల హెచ్చరిక చదవండి. సీజన్ మొదట్లో అది రోజూ వెలువడకపోవచ్చు కనుక మీ పరిశీలనకు విలువ ఎక్కువ. దారిలో స్కీ కర్రను తిరగేసి తరచూ గుచ్చుతూ వెళ్లండి: పైన గట్టిగా తగిలి, ఆ తర్వాత ఒక్కసారిగా కిందికి దిగబడితే ఆగి గొయ్యి తవ్వాలి. 30 సెంటీమీటర్ల చదరపు స్తంభాన్ని నాలుగు వైపులా వేరుచేసి, దాని మీద పార రేకు ఆనించి, మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు కొట్టండి. ఏ దెబ్బకు విరిగిందన్నదే కాదు, ఎలా విరిగిందన్నదీ చూడాలి. పెట్టె సొరుగులా నున్నగా ముందుకు జారితే వెనుదిరగండి. విరగకపోయినంత మాత్రాన ఆ వాలంతా క్షేమమని కాదు, ఎందుకంటే పది అడుగుల అవతల రాతి పక్కన మంచు ఇంకా పలుచగా, ఇంకా బలహీనంగా ఉండవచ్చు.

కాలి కింద ‘ధుమ్’మని మంచు కుంగిన చప్పుడు వచ్చినా, స్కీ మొనల నుంచి పగుళ్లు పాకినా ఇక పరీక్షలతో పని లేదు. 30 డిగ్రీలకు లోపు వాలుకే పరిమితం కండి, ఏటవాలు గోడల కింద నిలబడకండి. పలుచని మంచులో చిన్న చరియ కూడా మనిషిని బండల మీదుగా ఈడ్చుకుపోగలదు కాబట్టి, దాన్ని తేలిగ్గా తీసుకునే అలవాటు నాకు భయం కలిగిస్తుంది. బండలు, మొద్దులు కనబడకుండా కప్పబడి ఉంటాయి కనుక వేగం తగ్గించండి. హిమానీనదాల మీద పగుళ్లపై పేరుకున్న మంచు వంతెనలు ఇంకా గట్టిపడి ఉండవు. తాడు కట్టుకోకుండా వాటిని దాటవద్దు.

ట్రాన్స్‌సీవర్ (మంచులో కూరుకుపోయినవారిని రేడియో సంకేతాలతో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. వేసవంతా మూలన పడి ఉన్న ట్రాన్స్‌సీవర్‌లో బ్యాటరీలు మార్చి, తోటివారితో కలిసి వెతకడం సాధన చేశాకే కొండెక్కండి.